పన్ను డబ్బుతో కళను పోషించాలా? పోషిస్తే ఎవరి చేతిమీదుగా?

తెరవెనుక (చర్చ మొదలుపెట్టినవారు)

ఇంకో చర్చలో ఒకరు "కళాకారులకు పన్ను డబ్బు ఎందుకివ్వాలి? బాగుంటే జనమే టికెట్ కొంటారు, బాగాలేకపోతే మానేస్తారు" అని రాశారు. దాని కింద వాదన పెరిగి పక్కదారి పట్టింది. నాకు ఆ ప్రశ్న ముఖ్యం. పదకొండేళ్లుగా ఒక చిన్న నాటక బృందానికి లెక్కలు రాస్తున్నదాన్ని. అందుకే విడిగా ఇక్కడ పెడుతున్నాను.

నా మాట ముందే చెప్తాను. ఇవ్వాలి. కానీ చాలాచోట్ల ఇస్తున్న పద్ధతిలో ఇస్తే ఇచ్చినా ఇవ్వనట్టే.

ఎందుకివ్వాలి? 1966లో బామోల్, బోవెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక మామూలు విషయాన్ని లెక్కకట్టి చూపించారు. నలుగురు కలిసి నలభై నిమిషాలు వాయించే కచేరీకి రెండు వందల ఏళ్ల కిందట నలుగురు మనుషులు, నలభై నిమిషాలు కావాలి. ఇవాళా అంతే. అదే కాలంలో గుడ్డ నేసే మిల్లులో ఒక మనిషి చేయగలిగే పని ఎన్నో రెట్లు పెరిగింది. పని పెరిగింది కాబట్టి అక్కడ జీతాలు పెరిగాయి. వాయిద్యకారుడు కూడా అదే ఊళ్లో ఇంటద్దె కట్టుకుని బతకాలి, కాబట్టి అతనికిచ్చేదీ పెరగాలి. కానీ ఖర్చు తగ్గించడానికి కచేరీని ఇరవై నిమిషాల్లో ముగించలేం, నలుగురిలో ఒకరిని తీసేయలేం. ఖర్చు పెరిగినంత వేగంగా టికెట్ పెంచితే హాలు ఖాళీ. ఈ లోటు మంచి కళకూ చెడ్డ కళకూ ఒకేలా వస్తుంది. హాలు నిండిన రోజున కూడా మేం నష్టపోయాం, ఆ లెక్క నా పుస్తకంలో ఉంది.

ఇక పద్ధతి సంగతి. ఒకసారి మాకు గ్రాంటు మంజూరైంది. లేఖ వచ్చిన రోజు రిహార్సల్ ఆపి అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత నిబంధనలు చదివాను. సగం ముందు, మిగతా సగం ప్రదర్శన అయి, లెక్కలు ఆమోదం పొందాక. ముందు రావాల్సిన సగం ప్రదర్శనకు తొమ్మిది రోజుల ముందు వచ్చింది. అప్పటికే హాలు అడ్వాన్సు, సెట్టుకు చెక్క, లైట్ల అద్దె అన్నీ అప్పు తెచ్చి కట్టేశాం. రెండో సగం పద్నాలుగు నెలలకు వచ్చింది. ఆ మధ్యలో కట్టిన వడ్డీని లెక్కల్లో చూపిస్తే, "అర్హత లేని ఖర్చు" అని ఎర్ర సిరాతో కొట్టేసి పంపారు.

ముఖ్య పాత్ర వేసిన అమ్మాయి తన డబ్బుల కోసం మూడుసార్లు అడిగింది. నాలుగోసారి అడగలేదు. తర్వాతి నాటకానికి పిలిస్తే "రాత్రి షిఫ్ట్ అక్కా, కుదరదు" అంది. ఆ గ్రాంటు వల్ల ఒక నాటకం జరిగింది, ఒక నటి వెళ్లిపోయింది. ప్రభుత్వ లెక్కలో మొదటిదే ఉంటుంది.

మీరేమంటారు?

పన్నుదారు

తెరవెనుక గారూ, ఆ పాత చర్చలో ఆ మాట రాసింది నేనే. మీ అనుభవం చదివి బాధేసింది. అయినా నా అభ్యంతరం అలాగే ఉంది.

మీరు చెప్పిన లోటు నిజమే. కానీ లోటు ఉన్న ప్రతి పనినీ జనం భరించాలా? కళకు వెళ్లే సబ్సిడీలో పెద్ద ముక్క ఎక్కడికి పోతుందో చూడండి. పెద్ద ఒపేరా (పాటలతో నడిచే నాటకం) హాళ్లకు, పెద్ద మ్యూజియంలకు, రాజధానుల్లోని సంస్థలకు. అక్కడ కూర్చుని చూసేవాళ్లు సగటు మనిషికంటే చదువూ డబ్బూ ఎక్కువ ఉన్నవాళ్లు. అక్కడికి ఎన్నడూ అడుగుపెట్టని మనిషి కట్టిన పన్నుతో వాళ్ల టికెట్ చవకవుతోంది. బ్రిటన్‌లో ఈ గొడవ ఎంత ముదిరిందంటే, 2022లో ప్రభుత్వ కళల నిధిని పంచే ఆర్ట్స్ కౌన్సిల్ అనే సంస్థ లండన్‌లోని ఇంగ్లిష్ నేషనల్ ఒపేరాకు ఏటేటా ఇచ్చే నిధి తీసేసి, ఊరు మారితే డబ్బిస్తామంది. అన్నేళ్లు డబ్బంతా ఒకేచోట పోగుపడిందని వాళ్లే ఒప్పుకున్నట్టు కాదా?

రెండోది, "కళ" పేరు చెప్పి పరిశ్రమలు తీసుకునేది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం 2008లో సినిమా షూటింగుల ఖర్చులో 42 శాతం దాకా వెనక్కిస్తామని పథకం పెట్టింది. షూటింగులు వచ్చాయి, డబ్బు తీసుకున్నాయి, వెళ్లిపోయాయి. 2015లో రాష్ట్రం ఆ పథకాన్నే మూసేసింది. ఇలాంటి వాటిని కూడా "సంస్కృతికి అండ" అనే ఖాతాలో రాస్తారు.

ఆ డబ్బు ఒక ఆస్పత్రి వార్డుకు పోతే ఎవరికి ఉపయోగమో నాకు తెలుసు. నాటకానికి పోతే ఎవరికో చెప్పండి.

మూడోకాలం

నేను సంగీతం నేర్పి బతుకుతున్నాను. పన్నుదారు గారి చివరి ప్రశ్నకు నా జవాబు.

1935లో, మాంద్యం రోజుల్లో, అమెరికా ప్రభుత్వం పని లేని చిత్రకారులకు, రచయితలకు, నటులకు, సంగీతకారులకు వారం వారం కూలీ ఇచ్చి పని చేయించింది. అప్పుడు కూడా "ఆకలి తీర్చాల్సిన డబ్బుతో బొమ్మలా?" అనే అడిగారు. పథకం నడిపినవాళ్ల జవాబు ఒకటే, వీళ్లకూ ఆకలి వేస్తుందని. అలా జీతం తీసుకున్నవాళ్లలో తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న చిత్రకారులు జాక్సన్ పొలాక్, మార్క్ రోత్కో ఉన్నారు. అప్పటికి వాళ్ల పేరు పెద్దగా ఎవరికీ తెలియదు. రచయితల విభాగంలో, తర్వాత పెద్ద నవలాకారులైన రిచర్డ్ రైట్, రాల్ఫ్ ఎలిసన్ పనిచేశారు.

నాకు వాళ్లందరికంటే ముఖ్యమైనది ఇంకొకటి. ఆ విభాగంవాళ్లు ఊరూరా తిరిగి, ఒకప్పుడు బానిసలుగా బతికి అప్పటికి ముసలివాళ్లయిన మనుషుల దగ్గర కూర్చుని, వాళ్ల మాటల్లోనే వాళ్ల కథలు రాసుకున్నారు. 2,300 పైచిలుకు కథనాలు. ఇంకో పదేళ్లు ఆగితే చెప్పేవాళ్లలో చాలామంది ఉండేవాళ్లు కాదు. దీనికి ఏ టికెట్ అమ్ముతాం? కొనేవాళ్లు అప్పటికి ఇంకా పుట్టనేలేదు. ఈరోజు వాటిని చదువుతున్న మనమే కొనుగోలుదారులం.

ఆస్పత్రి వార్డుకు వ్యతిరేకంగా నాటకాన్ని నిలబెట్టడం నాకు నచ్చదు. ఏ దేశం బడ్జెట్ తీసినా కళల వాటా చూడాలంటే కళ్లజోడు పెట్టుకోవాలి. దాన్ని పూర్తిగా తీసేసినా ఆస్పత్రుల ఖర్చులో పెద్ద తేడా రాదు, వార్డు కట్టాలనుకునే ప్రభుత్వం దానికోసం ఆగదు కూడా.

నిలువుటద్దం

అదే 1935 పథకానికి చివర ఏమైందో కూడా చెప్పండి మూడోకాలం గారూ. నాటక విభాగాన్ని 1939లో అమెరికా చట్టసభ మూసేసింది. కారణం ఖర్చొక్కటే కాదు, అందులో వామపక్ష భావాలున్నాయని ఆరోపణ. డబ్బిచ్చిన చెయ్యే గొంతు నొక్కింది.

నేను పన్నుదారు గారి పక్షమే, కానీ నా కారణం వేరు. నాకు కళాకారుడి స్వేచ్ఛ కావాలి.

దక్షిణ కొరియా సంగతి చూడండి. సినిమాకు, నాటకానికి ప్రభుత్వం బాగా అండగా ఉన్న దేశమని అందరూ పొగుడుతారు. 2016 చివర్లో అక్కడ ఒక జాబితా బయటపడింది. 9,473 పేర్లు. ప్రతిపక్ష అభ్యర్థికి మద్దతిచ్చినవాళ్లు, పడవ ప్రమాదంలో పిల్లలు చనిపోతే ప్రభుత్వాన్ని నిలదీస్తూ సంతకం చేసినవాళ్లు. వీళ్లకు ప్రభుత్వ సాయం అందకుండా చూడాలని సాంస్కృతిక శాఖకు పైనుంచి అందిన జాబితా అది. దర్శకుడు బాంగ్ జూన్-హో అప్పట్లో ఇలాంటి నిషిద్ధ జాబితాలకెక్కినవాడే. 2020లో ఆయన సినిమాకే ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది. జాబితా వెనకున్న పెద్దలు తర్వాత జైలుకు వెళ్లారు, నిజమే. కానీ ఆ మధ్య సంవత్సరాల్లో గ్రాంటు రాక రాయడం మానేసిన పేరులేని నాటక రచయిత ఎంతమందో ఎవరు లెక్కపెడతారు?

అమెరికాలో 1990లో నలుగురు రంగస్థల కళాకారుల గ్రాంట్లు, నిపుణుల కమిటీ సరేనన్నాక కూడా, పైనుంచి ఆపేశారు. అదే ఏడాది గ్రాంటు ఇచ్చేటప్పుడు "మర్యాద" చూడాలని చట్టంలో చేర్చారు. 1998లో సుప్రీంకోర్టు కూడా అది చెల్లుతుందంది. ఇక 2025 మేలో అక్కడి కళల నిధి సంస్థ అప్పటికే మంజూరు చేసిన గ్రాంట్లను వందల సంఖ్యలో ఈమెయిల్ పంపి రద్దు చేసింది.

వెనకటికి కవి కావ్యం రాస్తే దానికో కృతిభర్త ఉండేవాడు. పోషించాడు కాబట్టి అతని వంశాన్ని, అతని దానాన్ని పొగిడి గానీ కథలోకి వెళ్లేవాళ్లు కాదు. ప్రభుత్వం కృతిభర్త అయితే ఆ పొగడ్త కథ లోపలికి కూడా వస్తుంది. పైకి కనిపించదు, అంతే తేడా.

గ్రంథాలయ గుమ్మం

నిలువుటద్దం గారి భయం న్యాయమైనదే. కానీ అందులో సగం "ఎవరు ఎంపిక చేస్తారు" అన్నదాన్నించి పుట్టింది. అసలు ఎవరూ ఎంపిక చేయనక్కర్లేని పద్ధతులు ఉన్నాయి, వాటి గురించి తక్కువ మాట్లాడుకుంటాం.

నేను లైబ్రరీ మనిషిని కాబట్టి పుస్తకాల నుంచే చెప్తాను. నార్వేలో 1965 నుంచి ఒక ఏర్పాటు ఉంది. ఆ భాషలో కొత్త కథ, నవల, కవిత్వం పుస్తకం వస్తే, కనీస నాణ్యత ఉందనిపిస్తే చాలు, ప్రభుత్వమే మొదట్లో వెయ్యి ప్రతులు కొని దేశమంతా లైబ్రరీలకు పంచేది. చిన్న భాష, చిన్న మార్కెట్. వెయ్యి ప్రతులు ముందే అమ్ముడైతే ప్రచురణకర్తకు కొత్త రచయితను వేయడానికి ధైర్యం వస్తుంది. ఆ డబ్బులో రచయిత వాటా రచయితకు వెళ్తుంది. పుస్తకం చదవడానికి దొరుకుతుంది. ఒకే డబ్బుతో ముగ్గురికి పని జరిగింది.

ఇంకోటి, లైబ్రరీ నుంచి పాఠకులు పుస్తకం అరువు తీసుకెళ్లినందుకు రచయితకు కొంత సొమ్ము. డెన్మార్క్ 1946లోనే మొదలుపెట్టింది. బ్రిటన్‌లో 1979లో చట్టం వచ్చింది. అక్కడ ఎంత పేరున్న రచయితకైనా ఏడాదికి 6,600 పౌండ్లు మించి ఇవ్వరు. పై పరిమితి ఉండటం వల్ల పెద్దవాళ్లు మొత్తం ఊడ్చుకుపోరు. ఎవరికెంత అన్నది మంత్రి చెప్పడు, పాఠకుడు పుస్తకం తీసుకెళ్లిన లెక్క చెప్తుంది.

మా దగ్గర ఒక పెద్దాయన ప్రతి నెలా వచ్చి, తన పుస్తకం అరలోంచి తీసి వెనక అట్ట లోపలి తేదీ ముద్రలు చూసి మళ్లీ పెట్టేసి వెళ్తారు. రచయిత ఆయనే. ఒకసారి ఆ ముద్రలు నాకు చూపించి "ఎనిమిది మంది" అన్నారు. ఆ ఎనిమిది మంది వల్ల ఆయనకు ఒక్క పైసా రాదు. రావాలి.

పన్నుదారు

గ్రంథాలయ గుమ్మం గారు చెప్పింది నాకు నచ్చింది. ఎందుకంటే అక్కడ డబ్బు జనం ఇష్టం వెంట నడుస్తోంది. మరి అదే పద్ధతి అన్నిటికీ ఎందుకు పెట్టకూడదు? కళాకారుడికి కాకుండా ప్రేక్షకుడికే వోచర్ ఇవ్వండి. నాటకమో, పుస్తకమో, కచేరీయో వాళ్లే కొనుక్కుంటారు. కమిటీలూ ఉండవు, జాబితాలూ ఉండవు.

గ్రంథాలయ గుమ్మం

అది చేసి చూశారండీ. ఇటలీ 2016లో పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ 500 యూరోలు ఇచ్చింది. ఫ్రాన్స్ 2021లో దేశమంతటా 300 యూరోలతో మొదలుపెట్టింది. ఫ్రాన్స్‌లో పిల్లలు ఎక్కువగా పుస్తకాలే కొన్నారు, అందులో జపాన్ బొమ్మల కథలు బాగా కొన్నారు. దాన్ని నేను తప్పుపట్టను, చదివితే చాలు నాకు. కానీ ఆ డబ్బు ఎక్కువగా అప్పటికే బాగా అమ్ముడవుతున్నవాటికే వెళ్లింది. చిన్న నాటకశాలకు ఎన్నడూ వెళ్లని పిల్లవాడు చేతిలో వోచర్ ఉందని అక్కడికి వెళ్లడు, అది ఉందనే తెలియదు కదా. 2025లో ఫ్రాన్స్ ఆ మొత్తాన్ని సగానికి తగ్గించింది. ఇటలీ అయితే పాత పథకాన్ని తీసేసి, కుటుంబ ఆదాయాన్ని, మార్కులను బట్టి ఇచ్చే కార్డులు పెట్టింది.

వోచర్ పాఠకుడికి మంచిదే. కొత్తగా రాసేవాడికి అది చేరదు.

పిక్సెల్ పని

యానిమేషన్‌లో పనిచేస్తాను. ఒక విషయం చెప్పి తప్పుకుంటాను.

1998లో బ్రిటన్ ప్రభుత్వం "సృజనాత్మక పరిశ్రమలు" అని పదమూడు రంగాలను ఒక జాబితాలో చేర్చింది. ప్రకటనలు, సాఫ్ట్‌వేర్, ఫ్యాషన్, నాటకం, పాత వస్తువుల వ్యాపారం, అన్నీ ఒకే సంచిలో. తర్వాత ప్రపంచమంతా అదే మాట ఎత్తుకుంది. లాభం ఏంటంటే ఆ సంచి బరువు చూపించి బడ్జెట్ అడగొచ్చు. నష్టం ఏంటంటే, సంచిలో డబ్బు సంపాదించేది సాఫ్ట్‌వేర్, డబ్బు కావాల్సింది నాటకం. మా స్టూడియోకు కావాల్సింది బ్యాంకు లోనుకు హామీ. తెరవెనుక అక్కకు కావాల్సింది అది కాదు. పన్నుదారు గారు చెప్పిన మిషిగన్ గొడవ కూడా ఈ కలగాపులగం వల్లే. రెండిటినీ విడదీసి మాట్లాడుకుంటే సగం వాదన తగ్గుతుంది.

తెరవెనుక

పిక్సెల్ పని గారూ, మీ మాటతో నూటికి నూరు ఏకీభవిస్తాను. నేను మాట్లాడుతున్నది సంచిలో అడుగున ఉన్నవాళ్ల గురించి.

నిలువుటద్దం గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. జాబితాల భయం నాకూ ఉంది. కానీ ప్రభుత్వం తప్పుకుంటే ఆ జాగాలో స్వేచ్ఛ వచ్చి కూర్చోదు. స్పాన్సర్ వచ్చి కూర్చుంటాడు. మాకు ఒకసారి ఒక కంపెనీ డబ్బిస్తామంది. స్క్రిప్టు పంపమన్నారు. పంపాం. ఫ్యాక్టరీ మూతపడిన సన్నివేశం "కాస్త నెగెటివ్‌గా ఉంది" అన్నారు. మేం తీయలేదు, వాళ్లు ఇవ్వలేదు. కొరియాలో ఆ జాబితా బయటపడింది, కోర్టుకెక్కింది, మనుషులు జైలుకెళ్లారు. ఎందుకు? అది ప్రజల డబ్బు కాబట్టి. మాకు డబ్బివ్వని కంపెనీని నేను ఏ కోర్టులో అడగను?

అందుకని నా ప్రశ్న, ఇచ్చే చేతికీ ఎంచే చేతికీ మధ్య గోడ ఎలా కట్టాలి అని. బ్రిటన్‌లో 1946లో ఆర్ట్స్ కౌన్సిల్ పెట్టినప్పుడు ఉద్దేశం అదే. మంత్రి మొత్తం ఎంతో చెప్తాడు, ఎవరికో చెప్పడు. ఆ గోడకు ఇప్పుడు బీటలున్నాయి, కాదనను. కానీ గోడ లేని ఇల్లు కంటే బీటలున్న ఇల్లు నయం.

ఐర్లాండ్ ఇంకో అడుగు ముందుకేసింది. 2022లో రెండు వేల మంది కళాకారులకు వారానికి 325 యూరోల చొప్పున మూడేళ్లు ఇచ్చారు. అర్హత చూశారు, ఆ తర్వాత లాటరీ తీశారు. ఎవరి పని గొప్పదో ఎవరూ తేల్చలేదు. ఏం రాశావు, ఏం గీశావు అని అడగలేదు. లాటరీలో పేరు రాని వెయ్యి మందిని కూడా పక్కన పెట్టి పోల్చి చూశారు. డబ్బు అందినవాళ్లు తమ కళమీద ఎక్కువ గంటలు గడిపారు. ప్రభుత్వం చేయించిన లెక్కలో పెట్టిన ప్రతి యూరోకు సమాజానికి 1.39 యూరోలు తిరిగొచ్చినట్టు తేలింది. 2025లో దాన్ని శాశ్వతం చేస్తామని ప్రకటించారు. లాటరీకి ఎవరి రాజకీయమూ తెలియదు నిలువుటద్దం గారూ.

నిలువుటద్దం

లాటరీ ఆలోచన నాకు కొత్త. ఒప్పుకుంటాను, జాబితా వేసే అవకాశం అక్కడ తక్కువ.

కానీ ఏం చేశావని అడగకుండా ఇస్తే నెదర్లాండ్స్‌లా అవుతుందన్న భయం కూడా ఉంది. అక్కడ 1949 నుంచి చిత్రకారుల దగ్గర బొమ్మలు తీసుకుని జీవనానికి డబ్బిచ్చారు. ఏళ్లు గడిచేకొద్దీ ఎవరూ చూడని బొమ్మలు గోదాముల్లో పేరుకుపోయాయి. 1987లో ఆపేశారు.

మూడోకాలం

ఆ ఉదాహరణ మీ వాదనకు ఎదురు తిరుగుతుందండీ. నెదర్లాండ్స్‌వాళ్లు "ఏం చేశావు" అని అడిగారు కాబట్టే గోదాములు నిండాయి. డబ్బు కావాలంటే బొమ్మ ఇవ్వాలి, కాబట్టి బొమ్మ మీద బొమ్మ. ఐర్లాండ్‌లో ఆ ఒత్తిడి లేదు, ఆరు నెలలు ఆలోచించి ఏమీ గీయకపోయినా ఫర్వాలేదు. సంగీతంలో మాకు సాధన అంటే అదే, ఎవరికీ వినిపించని గంటలు. కచేరీకి డబ్బిచ్చేవాళ్లు ఉన్నారు, ఆ గంటలకు ఇచ్చేవాళ్లు లేరు.

ఫ్రాన్స్‌లో రంగస్థలం మీదా సినిమాలోనూ అప్పుడప్పుడూ పని దొరికే నటులకు, టెక్నీషియన్లకు ఒక లెక్క ఉంది. పన్నెండు నెలల్లో 507 గంటలు పనిచేసినట్టు చూపిస్తే, పని లేని రోజులకు నిరుద్యోగ భృతి వస్తుంది. జర్మనీలో 1983 నుంచి స్వతంత్ర కళాకారుడి ఆరోగ్య, పింఛను బీమాలో సగమే అతను కడతాడు. మిగతా సగం, అంటే మొత్తంలో 30 శాతం అతని పని వాడుకునే కంపెనీల నుంచి, 20 శాతం ప్రభుత్వం నుంచి. అది దానం కాదు. మామూలు ఉద్యోగికి యజమాని కట్టే వాటా లాంటిదే, ఇక్కడ యజమాని చాలామందిలో ముక్కలై ఉన్నాడు, అంతే.

నా దగ్గర నేర్చుకున్న కుర్రాడు వేళ్ల నరం పట్టేసి నాలుగు నెలలు వాయించలేకపోయాడు. ఆ నాలుగు నెలలూ వాడు తన వాయిద్యాన్ని అమ్ముతానంటే నేను అడ్డుపడుతూనే ఉన్నాను. చివరికి అమ్మేశాడు. బీమా ఉంటే అమ్మేవాడు కాదు.

ఆడిట్ బల్ల

ఇంతవరకూ ఎవరూ మా వైపు నుంచి మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను. కళల గ్రాంట్ల లెక్కలు సరిచూసే పని చాలా ఏళ్లు చేశాను. ఎర్ర సిరా నాదే అనుకోండి.

తెరవెనుక గారూ, ఆ రెండో విడతను ఎందుకు ఆపుతారో చెప్తాను. ఒకే దర్జీ బిల్లు, ఒకే నంబరు, మూడు వేర్వేరు బృందాల ఫైళ్లలో చూశాను. జరగని ప్రదర్శనకు ఫొటోలు చూశాను. వెనక గోడ మీద క్యాలెండర్ వేరే ఏడాదిది. అలాంటివి నూటికి ఒకటో రెండో. కానీ ఆ ఒక్కటి బయటపడితే పేపర్లో వచ్చేది "కళల పేరుతో దోపిడీ" అని, దాని దెబ్బకు మరుసటి ఏడు మొత్తం నిధికే కోత పడుతుంది. ఆ భయంతోనే నిబంధనలు గట్టిపడతాయి. నేను మీ మీద అనుమానంతో సిరా వాడలేదు.

అయితే మీ పోస్టు చదివాక ఒకటి ఒప్పుకోవాలి. దొంగ బిల్లు పెట్టేవాడికి పద్నాలుగు నెలలు ఆగడం కష్టం కాదు, వాడు ఖర్చే పెట్టలేదు. ఆగలేనిది నిజంగా ఖర్చుపెట్టినవాళ్లే. మా నిబంధన దొంగను వదిలి దొరను పట్టుకుంటోంది. ఇన్నేళ్లలో ఈ కోణంలో ఆలోచించలేదు.

పన్నుదారు

ఆడిట్ బల్ల గారి మాట నాకు బలంగా తగిలింది.

ఇప్పటికీ పెద్ద హాళ్లకు అంత డబ్బు పోవడం నాకు ఇష్టం లేదు, దాని మీద వెనక్కి తగ్గను. కానీ ఫ్రాన్స్ సినిమా సంగతి ఒకటి ఈ మధ్యే తెలిసింది. ప్రతి సినిమా టికెట్ మీద 10.72 శాతం తీసి, ఆ డబ్బుతో కొత్త ఫ్రెంచ్ సినిమాలకు సాయం చేస్తారట. హాలీవుడ్ సినిమా టికెట్ నుంచి కూడా. అంటే సినిమా చూసేవాళ్ల డబ్బే సినిమాకు. అలాంటిదైతే నాకు పెద్దగా అభ్యంతరం లేదు. సినిమా చూడనివాడి జేబులో చెయ్యి పెట్టడం లేదు కదా.

తెరవెనుక గారిని ఒకటి అడుగుతాను. ఇన్ని దేశాల పద్ధతులు చెప్పుకున్నాం. అవన్నీ పక్కన పెట్టండి. మీకు ఒక్క నిబంధన మార్చే అవకాశం ఇస్తే ఏది మారుస్తారు?

తెరవెనుక

విడతల తేదీ.

ఇంకా ఎక్కువ ఇవ్వమని అడగను. ఇచ్చేదాంట్లో నూటికి ఎనభై, రిహార్సల్ మొదలయ్యే రోజుకు చేతికి రావాలి. మిగతా ఇరవై, లెక్కలు ఇచ్చిన అరవై రోజుల్లో. అరవై దాటితే వడ్డీ వాళ్లు కట్టాలి.

ఇంకోటి కూడా ఉంది, అడగలేదు కానీ చెప్తాను. చాలా గ్రాంట్లు "మీ వాటా కూడా పెట్టండి" అంటాయి. ఐరోపా సమాఖ్య 2021 నుంచి 2027 దాకా సంస్కృతికి, సినిమా-టీవీ రంగానికి కలిపి దాదాపు 244 కోట్ల యూరోలు పెట్టింది. అందులో చిన్న సహకార ప్రాజెక్టులకు కూడా ఖర్చులో 80 శాతమే ఇస్తారు. మిగతా 20 శాతం పెట్టగలిగేది ఎవరు? అప్పటికే సొంత భవనం, సొంత ఆఫీసు ఉన్న సంస్థ. మాలాంటివాళ్లం ఆ ఇరవై శాతాన్ని నటుల పారితోషికంలోంచి కోస్తాం. కాగితం మీద అది "బృందం వాటా". నిజానికి అది ఆ అమ్మాయి వాటా. పన్నుదారు గారు పెద్ద హాళ్ల గురించి అన్నది ఇక్కడ కూడా నిజమవుతోంది, ఉన్నవాడికే ఇంకా చేరుతుంది.

ఆడిట్ బల్ల

వడ్డీ సంగతి నా చేతిలో లేదు. అర్హత ఉన్న ఖర్చుల జాబితాను తిరగరాసే కమిటీకి నా అభిప్రాయం అడిగారు, ఈ నెలాఖరులోగా పంపాలి. అందులో "బిల్లు దొరకని ఖర్చులు" అని ఒక భాగం పెట్టి, బృందం సంతకంతో ఒక పరిమితి దాకా ఒప్పుకోవచ్చని రాయాలనుకుంటున్నాను. కానీ ఆ ఖర్చులేంటో నాకు బల్ల ఇవతలి నుంచి కనిపించవు. మీరు రాసిస్తారా?

తెరవెనుక

రాస్తాను. ఇప్పటికిప్పుడు నా పుస్తకంలో ఎర్ర గీతలున్నవి ఇవి.

వ్యాన్‌లోంచి సెట్టు దించిన ఇద్దరు. బిల్లు అడిగితే "బిల్లా?" అన్నారు.

ప్రదర్శన ముందురోజు రాత్రి పదకొండుకు రాజు అంగీ చిరిగితే, షట్టరు సగం ఎత్తి కుట్టిచ్చిన ముసలి దర్జీ.

హాలు వాచ్‌మన్. రిహార్సల్ ఇంకో గంట సాగితే లైట్లు ఆర్పకుండా కూర్చున్నందుకు.

నటీమణులు రాత్రి ఇంటికి వెళ్లడానికి ఆటోలు. నా లెక్కలో అన్నిటికంటే పెద్దది ఇదే, ఇరవై రెండు రాత్రులు.

ఒక చిన్న పాత్ర వేసిన అబ్బాయి సెలవు పెట్టుకుని పోగొట్టుకున్న రోజుకూలీ. అది ఏ పద్దు కింద రాయాలో అప్పుడూ తెలియలేదు.

మిగతావి పాత డైరీల్లో ఉన్నాయి. రాత్రికి తీసి రాస్తాను. మూడోకాలం గారూ, సంగీతం వైపు నుంచి ఉన్నవి మీరు కలపండి.

మూడోకాలం

తీగలు. కచేరీ మధ్యలో తెగిన తీగలు. మిగతావి మీ జాబితా కిందే రాస్తాను, ఇవాళే.